కలివికోడి చిత్రలేఖనము

మంగంపేట ముగ్గురాయి గనులకు ప్రసిద్ధము. పేరులోనే ముగ్గు గల రాయిని కన్న ఈ నేలపై పెరుగు విద్యార్థులకు గీత క్రొత్త గాదు. ఆ గీత మన కడప సీమ పక్షి నొకదానిని కాపాడుటకు ఉపయోగపడవలెనని మా కోరిక.

ఆ పక్షి కలివికోడి. శాస్త్రజ్ఞులు 1848లో దీనిని వర్ణించిరి. 1900 తరువాత ఎవరికిని కానరాకపోగా, నశించినదనియే తలంచిరి. 1986లో లంకమల అడవిలో ఇది మరల దొరకెను. వెదకవచ్చిన వారు బొమ్మను చూపి విచారింపగా, గుర్తుపట్టినవారు అక్కడి పల్లెవారే.

ఇక గీయు విధము. కోడిగ్రుడ్డు ఆకారమున దేహమును, దానిపై చిన్న వృత్తముగా తలను గీయుడు. రాత్రి సంచరించునది గనుక కన్ను పెద్దది. పరుగెత్తునది గనుక కాళ్లు పొడవు. కంటిపై తెల్లని చారయు, రొమ్మున రెండు గోధుమవన్నె పట్టీలును మరువకుడు. ఈ పట్టీలే దీని ముఖ్యమైన గుర్తు.

ఇంతటితో బొమ్మ పూర్తి గాదు. ముండ్లపొదలను, వాని నడుమనున్న బయలునేలను గూడ గీయవలెను. పొదలు నరికినను, సందులేక దట్టముగా పెరిగినను ఈ పక్షికి చోటు లేదు. తెలుగుగంగ కాలువ త్రవ్వకమున ఇట్టి పొదలు కొన్ని పోయినవి. పొద లేని కలివికోడి బొమ్మ, ఇల్లు లేని మనిషి బొమ్మ వంటిది.

విద్యార్థులారా, గీసిన బొమ్మను పెట్టెలో దాచకుడు. గొఱ్ఱెల కాపరులకును, కట్టెలు కొట్టువారికిని చూపి, "దీనిని చూచితిరా?" అని అడుగుడు. పొదలో నివసించువారెవరో ఎఱిగినచో, గొడ్డలి ఎత్తిన చేయి ఒక్క క్షణమైన ఆగును.