మడత నిచ్చెన

ఇంటికి తలుపు రెండు పనులు చేస్తుంది. బయటివాణ్ణి లోపలికి రానివ్వదు. లోపలివాణ్ణి బయటికి పోనిస్తుంది. మామూలు రోజుల్లో మొదటి పనే ముఖ్యమని తోస్తుంది. అందుకే గడియలు, గొళ్ళేలు, తాళాలు, కిటికీలకు ఇనుప ఊచలు. రెండవ పని గుర్తుకు వచ్చేది ఇల్లు అంటుకున్న నాడు. ఆనాడు తాళంచెవి ఎక్కడ పెట్టామో వెతుక్కునే వ్యవధి ఉండదు. నేలమీది ఇల్లయితే ఏదో ఒక దారిన బయటపడవచ్చు. మేడ మీద ఉన్నవారి సంగతి వేరు.

అగ్నిప్రమాదాల్లో మనుషులు మంటల వల్లనే చనిపోతారని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలాసార్లు ముందుగా ప్రాణం తీసేది పొగ. వేడిపొగ పైకి పోతుంది. మేడమెట్ల దారి దానికి పొగగొట్టంలాగా పనికివస్తుంది. కింది అంతస్తులో నిప్పు రాజుకుంటే, పైవాళ్లు దిగవలసిన దారిలోనే పొగ ఎదురువస్తుంది. ఉన్న ఆ ఒక్క దారీ మూసుకుపోతే వారికి మిగిలేది కిటికీ మాత్రమే. ఆ కిటికీకీ నేలకూ మధ్య దారి ఎలా కల్పించాలన్నది పట్టణాలు పైకి పెరిగిన నాటి నుంచీ మనుషులను వేధిస్తున్న ప్రశ్న.

18వ శతాబ్దంలో లండనులో గిలకకు గొలుసు కట్టి, బుట్టలో మనిషిని కూర్చోబెట్టి కిందికి దించే ఏర్పాట్లు ఆలోచించారు. 1836లో ఆ నగరంలో అగ్నిప్రమాదాల నుంచి ప్రాణాలు కాపాడడానికి ఒక సంఘం ఏర్పడింది. చక్రాల మీద నడిచే పొడవాటి నిచ్చెనలను అది వీధుల్లో నిలిపి, వాటి దగ్గర రాత్రిళ్లు మనుషులను కాపలా ఉంచింది. ఏబ్రహాం వివెల్ అనే ఆయన రూపొందించిన నిచ్చెనకు ఇంకొక చిన్న నిచ్చెన మడిచి ఉండేది. తాళ్లు లాగితే అది పైకి లేచి, ఎత్తున ఉన్న కిటికీని అందుకునేది. ఉపాయం మంచిదే. కాని అది వీధిలో నుంచి ఇంటికి రావలసిన సాయం. వచ్చేదాకా పొగ ఆగదు.

అమెరికాలోని న్యూయార్క్ నగరం మరొక దారి పట్టింది. ఐరోపా నుంచి వలస వచ్చిన పేదలు అక్కడ ఐదారు అంతస్తుల ఇరుకు ఇళ్లలో, ఒక్కొక్క అంతస్తులో కొన్ని కుటుంబాల చొప్పున, కిక్కిరిసి ఉండేవారు. 1860 ఫిబ్రవరిలో ఎల్మ్ వీధిలోని అటువంటి ఇల్లు ఒకటి అంటుకుంది. చెక్కమెట్లు కాలిపోయాయి. అగ్నిమాపక దళం తెచ్చిన నిచ్చెనలు పై అంతస్తులను అందుకోలేదు. చనిపోయినవారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. ఎనిమిదికి మించిన కుటుంబాలు కాపురముండే కొత్త ఇళ్లకు మంట నుంచి తప్పించుకునే మార్గం ఉండి తీరాలని అదే సంవత్సరం చట్టం వచ్చింది. సాయం కోసం ఎదురుచూడనక్కరలేకుండా నిచ్చెన ఇంటిగోడకే వచ్చి చేరింది.

ఇళ్ల యజమానులు చట్టం మాట దక్కించడానికి ఎంత అవసరమో అంతే చేశారు. కిటికీల ముందు సన్నని ఇనుప వసారాలు పెట్టి, ఒకదాని నుంచి మరొకదానికి నిట్టనిలువు నిచ్చెనలు బిగించారు. చంకలో బిడ్డ, కాళ్లకు అడ్డుపడే పొడవాటి గౌను, కింద మంట. ఆ స్థితిలో ఒక తల్లి అటువంటి నిచ్చెన దిగగలదా అని ఆలోచించినట్లు లేదు. 1901లో వచ్చిన చట్టం కొత్త ఇళ్లకు నిలువు నిచ్చెనలు పనికిరావనీ, వాలుగా ఉండే మెట్లే కావాలనీ చెప్పింది. ఈ నడుమ 1887లో ఫిలడెల్ఫియాకు చెందిన ఆనా కానలీ అనే మహిళ పేటెంటు పొందిన ఏర్పాటు చిత్రమైనది. అందులో కిందికి దిగడమే లేదు. ఒక ఇంటికప్పు మీద నుంచి పక్క ఇంటికప్పు మీదికి వేసే, రెండువైపులా కమ్మీలు గల వంతెన అది.

మెట్లు గోడకు చేరగానే కొత్త చిక్కు వచ్చింది. ఇనుపమెట్లను నేలదాకా దింపితే పైవాళ్లు దిగగలరు, నిజమే. దొంగలు ఎక్కనూగలరు. ప్రతి కిటికీకీ ఒక రాజబాట వేసి ఇచ్చినట్లే. ఈ చిక్కును విడదీసింది మడత.

మెట్ల వరుసను మొదటి వసారా దగ్గర ఆపి, అక్కడి నుంచి నేలకు దిగవలసిన భాగాన్ని మాత్రం కదిలేటట్లు చేశారు. ఒక పద్ధతిలో నిచ్చెన పైకి జరిపి కొక్కేనికి తగిలించి ఉంటుంది. పైనున్న మనిషి కొక్కెం తప్పిస్తే తన బరువుతో తానే జారి నేలను తాకుతుంది. ఇంకొక పద్ధతి మరింత తెలివైనది. చివరి మెట్లవరుస గాలిలో అడ్డంగా నిలిచి ఉంటుంది. రైల్వేగేటు దూలానికి ఒక కొసన బరువు కట్టినట్లు దీనికీ ఒక కొసన బరువు కడతారు. మనిషి దాని మీద అడుగు పెట్టి ముందుకు నడిచేకొద్దీ రెండవ కొస మెల్లగా కిందికి ఒరిగి నేలకు ఆనుతుంది. అతడు దిగిపోగానే తిరిగి పైకి లేస్తుంది. కింద నిలబడ్డ దొంగ చేతికి అది అందదు. తలుపు చేయవలసిన రెండు పనులనూ ఒక ఇనుపముక్క, తాళంచెవి లేకుండా చేసి చూపించింది.

ఈ వసారాలను జనం ఇంటిలో ఒక భాగంగానే వాడుకున్నారు. పూలకుండీలు పెట్టారు, బట్టలు ఆరవేశారు, వేసవి రాత్రుల్లో పరుపులు పరచుకుని నిద్రపోయారు. ఇరుకు గదుల ఉక్కపోతలో అంతకంటే ఏం చేస్తారు? అయినా దారికి అడ్డం అడ్డమే. ఇక్కడ సామాను పెట్టినవారికి పది డాలర్ల జరిమానా, పది రోజుల జైలు అని ఇనుపపలకల మీద పోతపోసి వసారాలకు బిగించారు.

ఇటువంటి ఏర్పాట్లు పేరుకు మాత్రమే ఉంటే ఏమవుతుందో 1911 మార్చి 25న లోకానికి తెలిసింది. అది శనివారం. సాయంత్రం నాలుగున్నర దాటింది. న్యూయార్క్‌లోని ఆష్ భవనం పది అంతస్తులది. పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కంపెనీ ఆడవారు తొడుక్కునే జాకెట్లు కుట్టించేది. కుట్టేవారిలో చాలామంది ఇటలీ నుంచి, తూర్పు ఐరోపాలోని యూదు కుటుంబాల నుంచి వలస వచ్చిన యువతులు. పదిహేను, పదహారేళ్ల పిల్లలూ ఉన్నారు. ఎనిమిదవ అంతస్తులో గుడ్డపీలికలు పోసిన తొట్టిలో నిప్పు రాజుకుంది. అక్కడి నుంచి పదవ అంతస్తుకు టెలిఫోనులో కబురు చేరింది. తొమ్మిదవ అంతస్తుకు చేరలేదు.

తొమ్మిదవ అంతస్తుకు రెండు మెట్లదారులున్నాయి. ఒకదానిని మంట కమ్ముకుంది. రెండవదాని తలుపుకు తాళం వేసి ఉంది. పని ముగిశాక అందరూ ఒకే దారిన వెళ్లాలి, చేతిసంచులు తెరిచి చూపించాలి, ఒక్క గుడ్డముక్కయినా బయటికి పోకూడదు. ఆ తాళం అందుకు.

ఇక మిగిలింది వెనుకవైపు గోడకున్న ఇనుపమెట్లు. ఆ భవనానికి మూడు మెట్లదారులు ఉండాలని ప్లాను దశలోనే అధికారి ఒకరు అడిగారు. ఈ ఇనుపమెట్లనే మూడవదారిగా లెక్కపెట్టుకొమ్మని భవనశిల్పి సమాధానం చెప్పాడు. లెక్క సరిపోయింది. కాని ఆ మెట్లు ఇరుకైనవి. కిటికీల ఇనుపరెక్కలు బయటికి తెరుచుకుని నడిచే దారికి అడ్డుపడేవి. మెట్లు వీధిలోకి దిగవు. నాలుగువైపులా గోడలున్న పెరట్లో, నేలమాళిగకు వెలుతురు కోసం వేసిన అద్దాలకప్పు పైన ఆగిపోతాయి. పదుల కొద్దీ మనుషులు ఒక్కసారిగా దాని మీదికి వచ్చేసరికి, మంట వేడికి మెత్తబడిన ఇనుము మెలితిరిగి గోడ నుంచి ఊడిపోయింది. సుమారు ఇరవైమంది దానితోపాటు కూలిపోయారు.

లిఫ్టు నడిపే కార్మికులు వీలున్నంతసేపు మళ్ళీ మళ్ళీ పైకి వెళ్లి చాలామందిని దించారు. అగ్నిమాపక దళం నిమిషాల్లో వచ్చింది. దాని నిచ్చెన ఆరవ అంతస్తు దగ్గర ఆగిపోయింది. అరగంట గడిచేసరికి అంతా ముగిసింది. మొత్తం 146 మంది చనిపోయారు. కంపెనీ యజమానుల మీద కేసు నడిచింది. తలుపుకు తాళం ఉన్నట్లు వారికి తెలుసునని రుజువు కాలేదని 1911 డిసెంబరులో వారిని నిర్దోషులుగా వదిలివేశారు. ఆ సాయంత్రం వీధిలో నిలబడి కిటికీల నుంచి దూకుతున్నవారిని కళ్లారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఆ తరువాత ఫ్యాక్టరీల భద్రత కోసం పనిచేశారు. 1933లో ఆమె అమెరికా కార్మికశాఖ మంత్రి అయ్యారు. పనివేళల్లో తలుపులకు తాళం వేయరాదన్న నిబంధన న్యూయార్క్ చట్టంలో ఆ ప్రమాదానికి ముందే ఉంది.

మెట్లు సరిగా కట్టినా చాలదు. వానకు, మంచుకు ఇనుము తుప్పుపడుతుంది. 1975 జూలైలో బోస్టన్ నగరంలో ఒక ఇల్లు అంటుకున్నప్పుడు 19 ఏళ్ల యువతి, రెండేళ్ల పాప వసారా మీదికి వచ్చి సాయం కోసం నిలబడ్డారు. అగ్నిమాపక దళం నిచ్చెన దగ్గరకు వస్తూ ఉండగానే వసారా గోడ నుంచి ఊడింది. యువతి చనిపోయింది, పాప బతికింది. వారు పడిపోతున్న క్షణాన స్టాన్లీ ఫోర్‌మన్ తీసిన ఫోటోకు 1976లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ ఫోటో చూసిన తరువాతనే పలుచోట్ల ఇనుపమెట్ల తనిఖీ గురించి గట్టిగా ఆలోచించారు. న్యూయార్క్ 1968 నాటికే కొత్త భవనాలకు ఇటువంటి బయటి ఇనుపమెట్లను ఒప్పుకోవడం మానింది. మంటకు తట్టుకునే గోడల మధ్య కట్టిన లోపలి మెట్లదారులే మేలన్నది నేటి అభిప్రాయం. పాత ఇళ్ల మీద మాత్రం ఇనుపమెట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

పెద్ద భవనాల సంగతి అలా ఉంచితే, రెండు మూడు అంతస్తుల ఇంటికి మడత నిచ్చెన ఇప్పటికీ పనికివస్తుంది. కిటికీ పక్కన గోడకు బిగించిన ఆ నిచ్చెన, మూసి ఉన్నప్పుడు వాననీటి గొట్టంలాగా కనిపిస్తుంది. అది నిచ్చెన అని దారినపోయేవారికి తెలియదు. ఇందులో ఉన్నది రేఖాగణితమే. రెండు నిలువు కడ్డీల మధ్య మెట్లు ఉంటాయి. ప్రతి మెట్టూ రెండు కొసల్లోనూ బందు మీద తిరుగుతుంది. ఒక కడ్డీ గోడకు కదలకుండా ఉంటుంది. రెండవది స్వేచ్ఛగా ఉంటుంది. రెండు కడ్డీలు, రెండు మెట్లు కలిస్తే సమాంతర చతుర్భుజం. దాని భుజాల పొడవులు మారవు, కోణాలు మారగలవు. మూసినప్పుడు మెట్లు నిలువుగా లేచి కడ్డీల మధ్య దాగిపోతాయి. కిటికీలో నుంచి చేయి చాపి మేకు లాగితే, బయటి కడ్డీ తన బరువుతో పక్కకు, కిందికి ఒరుగుతుంది. మెట్లు అడ్డంగా వచ్చేసరికి ఒక అడ్డు తగిలి నిలిచిపోతాయి. బలం అక్కరలేదు, తాళంచెవి అక్కరలేదు. మేకు పైన ఉంటుంది కాబట్టి కిందివాడికి అందదు.

బిగించే చోటు విషయంలో కొంత జాగ్రత్త కావాలి. కింది అంతస్తు కిటికీకి ఎదురుగా నిచ్చెన ఉంటే, ఆ కిటికీలో నుంచి వచ్చే మంట దిగేవారిని కాలుస్తుంది. కరెంటు తీగలకు దూరంగా ఉండాలి. గోడలో మేకులు సున్నం పూతలోకి కాక ఇటుకలోకి, వీలైతే కాంక్రీటులోకి దిగాలి. సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా చెడుతుంది. అక్కడ తుప్పుపట్టని ఉక్కో, అల్యూమినియమో మేలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తెరిచి చూడని మడత నిచ్చెన మీద నమ్మకం పెట్టుకోరాదు. బందులు బిగుసుకుపోయాయో లేదో గోడకేసి చూస్తే తెలియదు.

మన దేశంలో భవన నిర్మాణానికి మార్గదర్శకమైన జాతీయ భవన నియమావళి బయటిమెట్లు నేలదాకా నేరుగా చేరాలనీ, మంటకు కాలని వస్తువుతో కట్టాలనీ, దారిలో ఎప్పుడూ అడ్డు ఉండరాదనీ చెబుతుంది. కనుక పెద్ద భవనాల్లో మడత నిచ్చెన అసలు మెట్లకు బదులు కాదు.

ఇళ్లలో అంతకంటే ముందు చూడవలసింది కిటికీ. మన కిటికీలకు ఊచలు చట్రంలో కదలకుండా బిగించి ఉంటాయి. ఊచల వెనుక ఎంత మంచి నిచ్చెన పెట్టినా చేయి కూడా దానికి అందదు. ఇనుపపని చేసేవారికి చెబితే, ఒక పడకగది కిటికీకైనా, ఊచల చట్రంలో మనిషి పట్టేంత భాగాన్ని తలుపులాగా బందుల మీద తెరుచుకునేటట్లు చేసి ఇస్తారు. దానికి తాళం కాక లోపలివైపు గడియ పెట్టించాలి. ఆ గడియ బయటి నుంచి చేయి దూర్చినవాడికి అందకూడదు. చీకట్లో, పొగలో, ఇంట్లోని పదేళ్ల పిల్ల ఒంటిచేత్తో తీయగలగాలి.

అభ్యాసం

1. తలుపు చేసే రెండు పనులు ఏవి? ట్రయాంగిల్ కంపెనీలో ఏ పని కోసం ఏ పనిని వదులుకున్నారు?
2. చక్రాల మీద నడిచే నిచ్చెనకూ, గోడకు బిగించిన నిచ్చెనకూ గల భేదం రాయండి.
3. “లెక్క సరిపోయింది” అన్న వాక్యంలో రచయిత ఉద్దేశం ఏమిటి?
4. నాలుగు పుల్లలు, నాలుగు గుండుసూదులతో సమాంతర చతుర్భుజం చేసి, మడిచి తెరిచి చూడండి. మూడు పుల్లలతో చేసిన త్రిభుజం అలా మడతపడుతుందా?
5. మీ ఇంట్లో మెట్లదారి మూసుకుపోతే బయటికి వచ్చే రెండవ దారి ఏది? ఇంటిపటం గీసి గుర్తించండి. ఆ దారిలో ఉన్న గడియలను, తాళాలను పేర్కొనండి.
6. సొంతవాక్యాలలో ప్రయోగించండి: వ్యవధి, రాజుకొను, ఒరుగు, తనిఖీ, చట్రం.