సాయంకాలపు సంపాదన

ప్రశ్న: అయ్యా, నేను విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థయందు గుమాస్తాను. జీతము చాలకున్నది. సాయంకాలములందు సొంత స్కూటరుపై హోటలు భోజనములు ఇండ్లకు చేరవేసి కొంత సంపాదింపదలచితిని. ముందుగా ఏమి విచారింపవలెను?

జవాబు: కుటుంబభారమును మోయుటకై విశ్రాంతిని త్యజింపబూనిన మీ సంకల్పము గౌరవార్హమైనది. ఐనను, ఇతరోద్యోగమును నిషేధించు నియమము మీ నియామకపత్రమునందు కలదేమో మొదట పరిశీలింపుడు. చేతికి వచ్చిన సొమ్మెల్ల లాభమని భ్రమింపక, పెట్రోలు, టైర్లు, మరమ్మతులు, ఫోను ఖర్చు తీసివేసి, ఆర్డరు కొఱకు నిరీక్షించిన కాలమును సైతము పనిగంటలలో చేర్చి, ఒక నెలపాటు లెక్క వ్రాసి చూచినగాని ఈ శ్రమ ఫలదాయకమో కాదో తేలదు. ఉదాహరణకు, నాలుగు గంటలలో 400 రూపాయలు వచ్చి, ఖర్చులకు 120 పోయినచో, గంటకు దక్కినది 70 మాత్రమే.

సొంత వాడుకకై తీసికొనిన బీమా, వాహనమును సంపాదనకు వినియోగించినపుడు అక్కఱకు రాకపోవచ్చును గాన, ఆ బీమా సంస్థకు ముందే తెలిపి వ్రాతమూలకమైన సమాధానము పొందుడు. ఈ రాబడి జీతముతోపాటు ఆదాయపుపన్ను లెక్కలోనికి వచ్చును. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇట్టి పనులు చేయు గిగ్ కార్మికులను గుర్తించినది. మీ అర్హతను విచారించి, కేంద్రప్రభుత్వపు కార్మిక నమోదు వేదికయగు ఈ-శ్రమ్‌నందు ఉచితముగా నమోదు చేసికొనుడు. పని ఇప్పింతుమని ముందుగా రుసుము కోరువారిని నమ్మకుడు.

అన్నిటికిని మించి, నిద్రను కోల్పోయి రాత్రివేళ వాహనము నడుపకుడు. ఎవరి సుఖమునకై ఈ శ్రమకు పూనుకొంటిరో, వారికి మీరు క్షేమముగా ఇల్లు చేరుటయే పరమధనము.