మేకు మింగిన పెట్ట

పశువైద్యుని జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, మా మేడ మీద రేకుల షెడ్డు వేస్తున్నారు. మొన్న కింద పడ్డ స్క్రూ ఒకటి మా పెట్ట నా కళ్లముందే మింగేసింది. అర అంగుళం ఉంటుంది. మా అబ్బాయి ఇంటర్ చదువుకి హాస్టల్‌కి వెళ్తూ దాన్ని నాకు అప్పగించాడు. మేత తింటోంది, నిన్న గుడ్డు కూడా పెట్టింది. నాకే రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. ఫోన్లో వీడియో చూసి ఒక చెంచా ఆముదం పోశాను. ఇంకెంత పోయాలి? తలకిందులుగా పట్టుకుని గొంతు నొక్కితే బయటికి వస్తుందా?
– ఒక తల్లి, నూజివీడు

జవాబు: అమ్మా, ముందు ఆ ఆముదం సీసా తీసి లోపల పెట్టేయండి. ఇక ఒక్క చుక్క కూడా పోయొద్దు. మేత తింటూ, గుడ్డు పెడుతూ తిరిగే పెట్టకి ఈ పూట వచ్చిన గండమేమీ లేదు. ఈ రాత్రికి నిద్రపోండి.

కోడి మింగింది ఏదైనా మెడ కింద ఉండే మేతసంచిలో ఆగి, మెల్లగా కందనకాయలోకి దిగుతుంది. కూరకి కందనకాయ కడిగేటప్పుడు లోపలి పసుపు పొర ఒలిచి పారేస్తారు కదా, ఆ పొరా, దాని వెనక గట్టి కండా కలిసి రోజంతా రాళ్లతో గింజలు నూరుతుంటాయి. వేరే జబ్బుతో చచ్చిన నాటుకోళ్లని కోసి చూసినప్పుడు అక్కడ గాజు పెంకులు, చొక్కా గుండీలు, తల అరిగి నున్నబడ్డ మేకులు నాకు దొరికాయి. అవి కడుపులో ఉండగానే ఆ కోళ్లు చాన్నాళ్లు తిరిగాయి.

అలాగని స్క్రూని వదిలేయమనను. దానికి మొన ఉంది. కందనకాయ బిగిసినప్పుడల్లా ఆ మొన గోడలో దిగొచ్చు, దాటితే పక్కనే కాలేయం. పైగా రేకుల స్క్రూలకి తుప్పు పట్టకుండా జింకు పూత వేస్తారు. కడుపులోని ఆమ్లానికి ఆ పూత కరిగి నెత్తుట్లో కలిస్తే కోడి నీరసిస్తుంది, తురాయి పాలిపోతుంది, రెట్ట ఆకుపచ్చగా పడుతుంది. ఇది ఒక్క రోజులో తేలేది కాదు. అందుకని ఈ రెండు మూడు రోజుల్లోనే పెట్టని గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టుకుని గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే గురించి అడగండి. రాళ్లు కూడా తెల్లగానే కనిపిస్తాయి కానీ, స్క్రూ ఆకారం దాగదు. కొన్నాళ్లాగి ఇంకోటి తీస్తే అది కదిలిందో లేదో తెలుస్తుంది. తీయాల్సి వస్తే మత్తిచ్చి తీస్తారు. అంతవరకూ రోజూ పొద్దున్నే మేత వేయకముందు మేతసంచి తడిమి చూడండి, ఖాళీగా మెత్తగా ఉండాలి. వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. బరువు తగ్గుతున్నా, ఈకలు ఉబ్బించుకుని మూల నిలబడ్డా ఇక ఆగొద్దు.

ఇప్పుడు ఆముదం సంగతి. పోయిన వేసవిలో ఒకాయన చచ్చిన పెట్టని గంపలో తెచ్చి, "మేకు చంపేసిందండీ" అన్నాడు. కోశాను. మేకు రాళ్ల మధ్య అడ్డంగా పడి ఉంది, గోడ మీద గీత కూడా లేదు. ఊపిరితిత్తులు కోస్తే కత్తికి నూనె అంటింది. మేకు జారిపోతుందని మూడు పూటలు నూనె పట్టారట. వాళ్ల పాప గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ మాట ఆయనకి ఎలా చెప్పానో నాకే తెలుసు.

మీ పెట్ట నోరు తెరిచి చూడండి. నాలుక మొదట్లో చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అది ఊపిరి దారి. మింగేటప్పుడు మన గొంతులో ఊపిరి దారి మీదికి వాలే మూత లాంటిది కోడికి లేదు. నూనె, కషాయం, గంజి, ఏది బలవంతంగా పోసినా నేరుగా అందులోకి పోగలదు. తలకిందులు చేసి నొక్కితే మేతసంచిలోని నీళ్లు వచ్చి చేరేదీ అక్కడికే. ఆ వీడియో పెట్టిన మనిషి మీ పెట్టని చూశాడా? స్క్రూకి మొన ఉందో లేదో మిమ్మల్ని అడిగాడా? ఆయన చేతిలో కోడి బతికింది కాబట్టి మందు పనిచేసిందంటాడు. ఏమీ చేయకపోయినా అది బతికేదేమో! ఒళ్లు కాలిపోతోందని పారాసిటమాల్ మాత్ర అరగదీసి పోసేవాళ్లున్నారు. కోడి ఒళ్లు మామూలుగానే 105 నుంచి 107 డిగ్రీల వేడి ఉంటుంది, అది జ్వరం కాదు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ గొట్టాలు విప్పి నీళ్లలో కలిపేవాళ్లున్నారు. మేకుకి యాంటీబయాటిక్ ఏం చేస్తుందమ్మా? ప్రేమతోనే చేస్తారు, కాదనను. ఆ ప్రేమకి బలయ్యేది మాత్రం నోరులేని జీవి.

మీ అబ్బాయికి ఈ రాత్రే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉత్తరమంతా చదివాక, మీకు నిద్ర పట్టనిది స్క్రూ వల్ల కంటే వాడికి ఏం చెప్పాలో తెలియక అని నాకు అర్థమైంది. మీరు చూడబట్టే కదా సంగతి తెలిసింది.

ప్రశ్న: మా కోళ్లు ఇసుక, చిన్న రాళ్లు తింటున్నాయి. ప్రమాదమా? – విద్యార్థి, పాలకొండ

జవాబు: కాదు. కోడికి అవే పళ్లు. కట్టేసి పెంచుతుంటే మీరే తెచ్చి వేయండి.

ప్రశ్న: మా పెట్ట రెక్కలు వేలాడేసి, మెడ వంచేసి నిలబడుతోంది. రెట్ట పచ్చగా పడుతోంది. పెరట్లోనే వలలకి సీసం గుళ్లు కడుతుంటాం. బలానికి ఏ టానిక్ పట్టాలి? గుడ్లు పిల్లలకి పెట్టొచ్చా? – కైకలూరు

జవాబు: టానిక్ వద్దు, గుడ్లు వద్దు. సీసం గుళ్లు అన్న మాట చదివేసరికి గుండె ఆగినంత పనైంది. కోడి వాటిని గింజలనుకుని ఏరుకుంటుంది. కందనకాయ రోజూ నూరి ఆ విషాన్ని నెత్తుట్లో కలుపుతుంది, అది గుడ్డులోకీ చేరుతుంది. కొక్కెర తెగులులో కూడా కోడి ఇలాగే కనిపిస్తుంది కాబట్టి మిగతా వాటి నుంచి విడిగా పెట్టి, ఈ రోజే 1962కి ఫోన్ చేయండి, లేదా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసమే అయితే దాన్ని నెత్తుట్లోంచి లాగే ఇంజెక్షన్ ఉంది, కానీ కడుపులో గుళ్లుండగా అదొక్కటే చాలదు. కోడి కంటే ముందు మీ పిల్లల సంగతి చూడండి. వాళ్లు ఆడుకునేదీ ఆ పెరట్లోనే కదా? పిల్లల డాక్టరుకి చూపించి నెత్తుట్లో సీసం పరీక్ష చేయించండి. గుళ్లు మూత ఉన్న డబ్బాలో పెట్టండి, కట్టే పని ఇంటికి దూరంగా మార్చండి.

ప్రశ్న: నాకు పెళ్లై ఆరు నెలలు. మా అమ్మ పెట్టిన కమ్మల సీల పెరట్లో పోయింది. కోడి మింగి ఉంటుంది, కోయించమని మా అత్తయ్య అంటున్నారు. ఆ పెట్ట నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. సీల దానంతటదే బయటికి వస్తుందా? – మదనపల్లె

జవాబు: కోడి మింగగా ఎవరైనా చూశారా తల్లీ? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ముందు పెరడు ఊడ్చి, ఆ మట్టి జల్లెడ పట్టండి. దొరక్కపోతే ఒక్క ఎక్స్‌రే తీయిస్తే ఉందో లేదో తేలిపోతుంది. ఈ జవాబు మీ అత్తయ్య గారికి చదివి వినిపించండి. అమ్మా, కోడలు పోగొట్టుకున్నది వాళ్లమ్మ ఇచ్చిన వస్తువు, ఆ బాధ మీ కంటే ఆ పిల్లకే ఎక్కువ. పుట్టింటి పెట్టని కూడా తీసేయకండి.

ప్రశ్న: ఆవులకి అయస్కాంతం మింగిస్తారట. కోడికి చిన్నది వేయొచ్చా? – జనగామ

జవాబు: వద్దు. ఆవు కడుపులో అది ఒకచోట కదలకుండా ఉండి మేకుల్ని పట్టి ఉంచుతుంది. కోడికి ఆ చోటు లేదు. రెండు వేశారో, పేగుకి అటొకటి ఇటొకటి అతుక్కుని మధ్య గోడని నలిపి చిల్లు పెడతాయి. పాత స్పీకరు నుంచి అయస్కాంతం ఊడదీసి, తాడు కట్టి, వడ్రంగి గానీ సెంట్రింగ్ వాళ్లు గానీ పని ముగించి వెళ్లిన సాయంత్రం పెరడంతా ఈడ్వండి. బైండింగ్ వైరు ముక్కలు ఎన్ని అంటుకుంటాయో చూడండి. కోళ్లని ఆ తర్వాతే గంప కింది నుంచి వదలండి.