వేలంలో కొన్న వెండి రూపాయి గిట్టిందా?

ఆన్‌లైన్ వేలంలో పాడి కొన్న పాత రూపాయి గిట్టిందో లేదో తేల్చడానికి మన భౌతికశాస్త్రమే చాలు.

బ్రిటిష్ వారు 1835 నుండి 1939 వరకు ముద్రించిన రూపాయి బరువు 11.66 గ్రాములు. పెద్దలు తులమనేది ఇదే. అందులో వెండి 10.69 గ్రాములు. 1940లో వెండిని సగానికి తగ్గించారు.

ముందు కంసాలి త్రాసులో తూచండి. తరువాత దారం కట్టి నీటిలో వేలాడదీసి తూచండి. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం సుమారు 1.13 గ్రాములు తగ్గాలి. 1.3 దాకా తగ్గిందా, వెండి పూత పూసిన రాగి కావచ్చు!

ఇక పాట ధరకు కమీషను, పన్ను, పోస్టేజీ కలిపి, వెండి విలువ తీసేయండి. మిగిలింది అరుదుతనానికి మనమిచ్చిన ధర. 1939 రూపాయి అరుదే. 1918వి మాత్రం కోట్లకొద్దీ అచ్చయ్యాయి. పాతదల్లా అరుదైనది కాదు. చెరకు అమ్మి ఇంటివాళ్లు పంపిన డబ్బుతో మళ్లీ పాట పాడేముందు ఈ లెక్క వేసుకుందాం.