మీ అమ్మ మోకాళ్ల సంగతి

కోరుట్ల

అల్లుడా,

దుబాయి నుంచి నువ్వు పంపిన గ్లూకోసమైన్ డబ్బాలు సిరిసిల్లల మీ అమ్మకు అందినయి. వచ్చే నెల ఇంకో రెండు పంపుతనన్నవట. జర ఆగు.

ఆ గోలీలు ఎక్కువగ రొయ్యల, పీతల పెంకులతోని చేస్తరు. అరిగిన కీలును అవి మళ్ల నింపుతయని అమ్మేటోళ్ల మాట. అమెరికా ప్రభుత్వ సొమ్ముతోని 1583 మంది మోకాలి నొప్పోళ్ల మీద పరీక్ష చేసి 2006ల ఫలితం చెప్పిన్రు. ఈ గోలీ, కాండ్రాయిటిన్ అనే ఇంకో కీళ్ల గోలీ, రెండూ కలిపి, ఎట్ల ఇచ్చినా మొత్తం మీద మందు లేని ఉత్త గోలీ మింగినోళ్లతోని పెద్ద తేడా రాలేదు. ఉత్త గోలీతోనే నూటికి 60 మందికి నొప్పి తగ్గింది! నొప్పి బాగ ఉన్న ఒక చిన్న గుంపుకు రెండూ కలిపిస్తే మేలు కనవడ్డది గని, దాన్ని నమ్ముకునేటంత మంది అందుల లేరు. 2019ల అమెరికా కీళ్ల వైద్యుల సంఘం మోకాళ్లకు ఈ గోలీ వద్దనే చెప్పింది.

అట్లని మీ అమ్మ “జర నయమున్నదిరా” అంటే అబద్ధమనకు. కీళ్ల నొప్పి కొన్నాళ్లు పెరుగుతది, కొన్నాళ్లు దానంతటదే తగ్గుతది. కొడుకు పంపిన మందంటే మనసుకు కూడ బలమే.

పసుపు గోలీల సంగతి అడిగినవ్. పసుపుల ఉండే కుర్కుమిన్ నొప్పిని కొంత తగ్గిస్తదని చిన్న చిన్న పరీక్షలల్ల తేలింది. గని మిరియాల సారం కలిపిన గాఢమైన గోలీలతోని కాలేయం చెడినోళ్లున్నరు. మన చేన్ల పసుపు కూరల వేసుకుంటది, చాలు.

ఆమె మోకాళ్లు ఎట్ల అరిగినయో నీకెరుకే. ఒళ్లో చాట పెట్టుకొని, కాళ్లు మడుచుకొని, వెయ్యి బీడీలు అయ్యేదాక లేవకపోయేది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల ఏ వాడకు పోయినా ఆడోళ్ల మోకాళ్లు ఇట్లనే ఉన్నయి. ఆ కూర్చునుడు మారకుండ ఏ గోలీ ఏం చేస్తది?

గోలీలకు పెట్టే పైసలతోని, మోకాళ్లు మడవకుండ కూసునేటట్టు ఇంట్ల కమోడ్ పెట్టించు. ఫిజియోథెరపీ డాక్టరుకు చూపించి తొడ కండరాల కసరత్తు నేర్పిద్దాం. ఒంటి బరువు ఒక్క కిలో తగ్గినా, నడిచినప్పుడు అడుగడుగుకు మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతదని కొలిచి చెప్పిన్రు.

ఎత్తు కుర్చీ, చాట పెట్టుకునే బల్ల ఇక్కడ వడ్లాయన కాడ నేను చేయిస్త. నా మాట ఆమె వినది, ఫోన్ల నువ్వే చెప్పు.

మీ మామ