అక్షరం తడబడే బిడ్డకు ఇంటి చదువు



మా విచారణకు చెందిన ఒక తల్లి తన కుమారుని నోటు పుస్తకం తెచ్చి నా బల్లమీద పెట్టింది. పిల్లవానికి తొమ్మిదేళ్లు. మూడో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం బడిలో చదివాడు. అక్కడ బెంచీ ఎక్కి నిలబడటమే తప్ప అక్షరం ముందుకు సాగలేదు. ఏడాదిగా బడి మాన్పించి ఆమే ఇంటి దగ్గర చదువు చెబుతున్నది. పట్టణంలో పరీక్ష చేయిస్తే డిస్లెక్సియా అని తేల్చారు. పుస్తకం తెరిచి చూశాను. "భక్తి" అని చెబితే "భకిత" అని వ్రాశాడు. "స్త్రీ"కి బదులు "సీతర". ఒకే పుటలో "అమ్మ" అనే మాట మూడు విధాలుగా ఉన్నది.

"ఫాదర్ గారూ, వీడికి చదవడం వస్తేగాని దివ్యసత్ప్రసాదం ఇవ్వరా?" అని ఆమె అడిగింది.

ఆ ప్రశ్న ఊరకే రాలేదు. అంతకు ముందు సంవత్సరం జ్ఞానోపదేశం తరగతిలో నేను వానిచేత జపాల పుస్తకం చదివించబోయాను. వాడు నోరు మెదపక నిలబడ్డాడు. "ముందు చదవడం నేర్చుకో, తర్వాత చూద్దాం" అన్నాను. తోటి పిల్లలు నవ్వారు. నేను వారిని వారించలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి ఆ రోజే కారణం.

డిస్లెక్సియా తెలివితక్కువతనం కాదు, సోమరితనం కాదు, కంటి జబ్బు అంతకన్నా కాదు. అయినా ముందుగా కళ్లు, చెవులు వైద్యునికి చూపించడం మంచిది. ఆ అనుమానం తీరిపోతుంది. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో, వాటిని అక్షరాలతో జతపరచడంలో మెదడు పడే ఇబ్బంది ఇది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పద్నాలుగేళ్ల బాలుని గురించి వ్రాశాడు. వాని పేరు పెర్సీ. తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి "ప్రెసీ" అని వ్రాసుకున్నాడు. ఒకటికి రెండుసార్లు చెబితేగాని తప్పు కనబడలేదు. పాఠాలన్నీ నోటితోనే చెప్పేటట్లయితే బడి మొత్తంలో వీడే చురుకైనవాడు అయ్యేవాడని వాని ఉపాధ్యాయుడు అన్నాడట.

ఇది తరచు కుటుంబంలో తరతరాలుగా కనిపిస్తుంది. ఈ బాలుని తండ్రి మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మంచి పనివాడని పేరు. నేను ఈ సంగతి వివరిస్తుంటే తల వంచుకొని విని, "నాకూ ఇంతే ఫాదర్ గారూ. పెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టడానికి వారం రోజులు దిద్దుకున్నాను" అన్నాడు. ఆయన భార్యకు కూడా అప్పుడే తెలిసింది.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు ప్రకృతి సిద్ధంగా వచ్చేదానికీ, కళగా అభ్యసించేదానికీ గల భేదం నేర్చుకున్నాము. మాట ప్రకృతి సిద్ధం. బిడ్డ ఒడిలో ఉండగానే పట్టుకుంటాడు. చదువు అలా కాదు, అది మనుష్యుడు కల్పించుకొన్న విద్య. వ్రాత పుట్టి అయిదువేల ఏళ్లు దాటిందేమో, అంతే. ఈత రానివానిని బుద్ధిహీనుడని ఎవరూ అనరు. అక్షరం రాని బిడ్డను మాత్రం "మొద్దు" అనడానికి ఇంట్లో అందరికీ నోరు వస్తుంది.

ఇక మన తెలుగు లిపి సంగతి. తెలుగులో ఏ అక్షరం ఎలా ఉంటే అలాగే పలుకుతాము గనుక ఇంగ్లీషు కంటే సులువని అనుకుంటాము. కొంతవరకు నిజమే. అందుకే తెలుగులో ఇటువంటి పిల్లల కష్టం తప్పులకంటే ఎక్కువగా నెమ్మదిలో బయటపడుతుంది. కాని మన వ్రాతలో మరొక చిక్కు ఉన్నది. "భక్తి" అనే మాట చూడండి. గుడి "క" మీద ఉన్నది, "త" క్రింద ఉన్నది. నోరు మాత్రం ముందు "క్", తర్వాత "త్", చివరికి "ఇ" పలకాలి. కన్ను చూచే వరుస ఒకటి, నోరు పలికే వరుస మరొకటి. "భకిత" అని వ్రాసినవాడు కన్ను చెప్పినట్టు వ్రాశాడు. అది అజాగ్రత్త కాదు. పైగా త, న, మ, య, ర, ల వత్తులు తల్లి అక్షరాలను పోలి ఉండవు. ద, ధ, థ. ప, ఫ, ష వంటివి ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి. మామూలు మాటల్లో "భ"ను, "బ"ను మనలో చాలామంది ఒకే విధంగా పలుకుతాము. అటువంటప్పుడు చెవి బిడ్డకు ఏమి సాయం చేస్తుంది?

ఆ తల్లి అంతవరకు చేస్తున్నది మనమందరం చేసేదే. తప్పు వ్రాసిన మాటను పదిసార్లు వ్రాయించడం. నాలుగోసారికి బిడ్డ మాటను వ్రాయడు, గీతలను నింపుతాడు. ఒకోసారి తప్పునే పదిసార్లు దిద్దుకుంటాడు. అది మానిపించాను.

పుస్తకం ముట్టుకోకముందు చెవికి పని చెప్పాలి. "పలక"లో "ప" తీసివేస్తే ఏమి మిగిలింది? "లక". "కి", "పి", "మి" - మూడింటిలో చివర వినబడే ధ్వని ఏది? వంట చేస్తూ, దారిన నడుస్తూ ఆడే ఆట ఇది. ధ్వనులు చెవిలో విడివడితేనే అక్షరం కుదురుకుంటుంది.

తర్వాత రోజుకు ఒక్క కొత్త అక్షరం, లేదా ఒక్క గుణింతపు గుర్తు. పళ్లెంలో ఇసుక పోసి, బిడ్డ ఆ అక్షరాన్ని చూడాలి, బిగ్గరగా పలకాలి, పలుకుతూనే వ్రేలితో దిద్దాలి. అమెరికాలో 1930లలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయిని కన్ను, చెవి, చెయ్యి కలిపి నేర్పే పద్ధతికి పునాది వేశారు. మనకు ఇది కొత్తేమీ కాదు. 1790లలో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని చూస్తున్న ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ గురువు, మన వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయడం చూచి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టి ఇంగ్లండుకు కూడా తీసుకుపోయాడు. ఇంద్రియాల ద్వారా రానిదేదీ బుద్ధిలో చేరదని పునీత తోమాస్ అక్వినాసు గారు చెప్పినది నేను పరీక్ష కోసం వల్లించాను. ఇసుక పళ్లెం చూచేవరకు దానిని వాడుకోవచ్చని తోచలేదు.

పోలికగల అక్షరాలను ఒకే వారంలో చెప్పవద్దు. "ప" గట్టిపడి, తడుముకోకుండా వస్తున్నప్పుడు "ష" తీయండి. వత్తుల మాటను ముందు పరచి చూపండి: భ - క్ - త్ - ఇ. నాలుగు చింతగింజలు పెట్టి ఒక్కో ధ్వనికి ఒక్కోటి ముట్టుకోమనండి. ఆ తర్వాత "త్"ను క్రిందకు దించి, గుడిని పైకి ఎక్కించి, మాటను మడిచి చూపండి. వత్తు ఎర్ర సిరాతో, మిగిలింది నల్ల సిరాతో. ఈ బాలునికి వారం పట్టింది, ఒక్క "క్తి" కోసం. ఉక్తలేఖనం చెప్పేటప్పుడు కూడా ఇదే వరుస: మాట విని, తాను ఒకసారి పలికి, ధ్వనులను వ్రేళ్లమీద లెక్కించి, వ్రాసి, వ్రాసినదాన్ని తానే చదవాలి. తప్పు తల్లి చూపడం కాదు, వాని చెవి పట్టుకోవాలి.

ఇంగ్లీషు స్పెల్లింగుకు తొందర వద్దు. అది మొదలుపెట్టినప్పుడు క్యాట్, మ్యాట్, ర్యాట్ వంటి ఒక కుటుంబపు మాటలు కలిపి చెప్పండి. వినిపించని అక్షరాలున్న మాటలను వారానికి రెండు మూడు మించి ఇవ్వవద్దు.

పూటకు ఇరవై నిమిషాలు, రెండు పూటలు, ప్రతిరోజూ ఒకే వేళకు. ఆదివారం గంటన్నర కూర్చోబెట్టి వారమంతా వదిలేస్తే లాభం లేదు. నిన్నటిది రాకపోతే ఈ రోజు కొత్తది లేదు. ఇక్కడ నాకు మార్కు సువిశేషం 8వ అధ్యాయంలోని బేత్సయిదా గ్రుడ్డివాడు గుర్తుకు వస్తాడు. ప్రభువు వానిని చేయి పట్టుకొని ఊరి వెలుపలికి తీసుకుపోయాడు. నలుగురి ముందు చేయలేదు. ఒకసారి తాకి, ఏమైనా కనబడుతున్నదా అని అడిగాడు. మనుష్యులు నడిచే చెట్లలాగా కనబడుతున్నారన్నాడు వాడు. ప్రభువు విసుగుకోలేదు, మరల చేతులుంచాడు.

చదువు రానంత మాత్రాన బిడ్డ మనస్సును పస్తు పెట్టకూడదు. వాని వయస్సుకు తగిన కథలు, చరిత్ర, బైబులు తల్లిదండ్రులే చదివి వినిపించాలి. ఇది బద్ధకం నేర్పడమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. చదవడం నేర్చుకొనేలోగా వాడు తెలుసుకోవలసినవి ఆగిపోకూడదు.

ఇంటి చదువులో అసలు ప్రమాదం వేరే ఉన్నది. బడిలో టీచరు కోప్పడితే ఇంటికి వచ్చి అమ్మ ఒడిలో ఏడవవచ్చు. అమ్మే టీచరయితే బిడ్డ ఎక్కడికి పోవాలి? ఈ తల్లి కూడా ఒకనాడు పుస్తకం విసిరికొట్టి, తర్వాత వానిని పట్టుకొని ఏడ్చానని చెప్పింది. అమ్మా, ఇద్దరిలో ఎవరికి కన్నీరు వచ్చినా ఆ పూటకు పుస్తకం మూసివేయండి. సాయంత్రపు ఇరవై నిమిషాలు తండ్రి తీసుకోవాలి. ఇక్కడ ఆ తండ్రి తానూ ఇసుకలో దిద్దుతున్నాడు. పిల్లలకు తల్లిదండ్రులే మొదటి విద్యాదాతలని ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. "తల్లి" అని మాత్రమే అనలేదు. వాడు ఒంటరి కాకుండా ఆటలకు, గాయక బృందానికి పంపండి. పునీత జాన్ మరియ వియాన్నీ గారికి లతీను ఎంతకూ రాక గురువిద్యాలయం పంపివేస్తే, ఎక్యుల్లీ విచారణ గురువు బాల్లే గారు తన ఇంట్లోనే ఓపికగా చదువు చెప్పి, 1815లో గురుపట్టం వరకు నడిపించారు. ఆయనకు డిస్లెక్సియా ఉన్నదని నేను అనడం లేదు. ఆ బాల్లే గారి ఓపిక గురించి చెబుతున్నాను.

ముందు ముందు పరీక్షల మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను గుర్తించింది. సర్టిఫికెట్టు ఉంటే బోర్డు పరీక్షలలో అదనపు సమయం, వ్రాసిపెట్టే మనిషి వంటి సౌకర్యాలు అడగవచ్చు. కాగితం జాగ్రత్తగా దాచుకోండి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పద్నాలుగేళ్లు నిండినవారు పదవ తరగతి పరీక్షకు చేరవచ్చు. మళ్లీ బడికి పంపదలిస్తే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు బిడ్డను వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వేగంగా చదవడం వానికి ఎన్నటికీ రాకపోవచ్చు. చదవడం వచ్చిన చాలాకాలానికి గాని స్పెల్లింగు కుదరదు. ఇది ముందే తెలిసి ఉండటం మేలు.

ఇక ఆమె అడిగిన ప్రశ్న. శ్రీసభ చట్టం 913వ నిబంధన బిడ్డకు తన శక్తి మేరకు క్రీస్తు రహస్యాన్ని గ్రహించేపాటి జ్ఞానం, శ్రద్ధతో కూడిన సిద్ధపాటు కావాలని కోరుతున్నది. చదవడం రావాలని అనలేదు. ఈ నిబంధన నాకు తెలియనిది కాదు. వానిని పిలిచి, పుస్తకం లేకుండా మాట్లాడాను. రొట్టెకూ సత్ప్రసాదానికీ భేదమేమిటని అడిగితే, "చూపుకు ఒకటే ఫాదర్, లోపల ఆయనే" అన్నాడు. క్షమించమని అడిగాను, వాడు సిగ్గుపడి తల్లి వెనుకకు పోయాడు.

వచ్చే క్రీస్తురాజు పండుగనాడు వాడు మొదటి సత్ప్రసాదం తీసుకుంటాడు. విశ్వాసుల ప్రార్థనలో ఒక వాక్యం తానే చదువుతానన్నాడు. మూడు వారాల ముందే వాక్యం ఇచ్చాను. తల్లి పెద్ద అక్షరాలతో, వత్తులు ఎర్ర సిరాతో వ్రాసి గోడకు అంటించింది. అందులో "భక్తి" అనే మాట ఉన్నది. తీసివేసి వేరే మాట పెట్టమంటారా అని ఆమెను అడిగాను. వద్దన్నది ఆమె కాదు, వాడే.