మందమైన గుండె, ఇరుకైన సన్న నాళాలు

రాయకోట దుర్గం ఎక్కేటప్పుడు కొంత ఆయాసం సహజం. కాని నిన్నటి వరకు సులువుగా ఎక్కిన దారిలోనే ఛాతీ నొచ్చినా, కళ్లు తిరిగినా అలసట అనుకొని ఊరకుండరాదు. అటువంటివారిలో కొందరికి యాంజియోగ్రామ్ పరీక్షలో పెద్ద రక్తనాళాలు బాగుగానే కనిపిస్తాయి. అడ్డంకి లేదన్న మాట విని ఇంటివారు ఆ బాధను భ్రమగా తలుస్తారు. అది భ్రమ కాకపోవచ్చును.

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే వ్యాధిలో అధిక రక్తపోటు వంటి కారణం లేకుండానే గుండె కండరం మందమవుతుంది. పెద్దవారిలో గుండె గోడ 15 మిల్లీమీటర్లు, లేదా అంతకు మించి మందంగా ఉంటే వైద్యులు దీనిని అనుమానిస్తారు. లండన్ వైద్యుడు డొనాల్డ్ టీర్ 1958లో ఈ వ్యాధిని విశదంగా వర్ణించారు. సుమారు 500 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా.

ఈ వ్యాధిలో కండరం లోపలి సన్న ధమనుల గోడలు కూడ దళసరి అయి, రక్తమార్గం ఇరుకవుతుంది. 1986లో అమెరికాలో ప్రకటితమైన పరిశీలనలో, మరణానంతరం పరీక్షించిన 48 గుండెలలో 40 గుండెలయందు ఈ మార్పు కనిపించింది. టమాట రైతుకు ఇది సులభంగా బోధపడుతుంది: పెద్ద పైపులో నీరు నిండుగా పారినా, డ్రిప్ రంధ్రాలు పూడితే మొక్క వాడుతుంది. యాంజియోగ్రామ్ చూపేది పెద్ద పైపును మాత్రమే. మందమైన కండరానికి రక్తం అధికంగా కావలెను. అది చాలనప్పుడు నొప్పి పుడుతుంది, క్రమంగా కండరంలో మచ్చలు ఏర్పడుతాయి, గుండె లయ తప్పవచ్చును.

ఈ వ్యాధి తరచు వంశపారంపర్యం. కారణమైన జన్యులోపం తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, ప్రతి బిడ్డకు సంక్రమించే అవకాశం సగం. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2009 నాటి పరిశోధన, గుండె కండరపు ఒక జన్యువులో 25 అక్షరాల లోపం భారత ఉపఖండ ప్రజలలో 100కు సుమారు నలుగురిలో ఉన్నదని తెలిపింది. అది ఉన్నవారందరికీ జబ్బు రాదు. గుండె బలహీనపడే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

కావున లక్షణాలున్నవారు ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేయించుకోవలెను. కుటుంబంలో చిన్న వయసున ఆకస్మిక మరణం సంభవించి ఉంటే వైద్యునికి తప్పక తెలుపవలెను. వ్యాధి నిర్ధారణ అయినవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడ పరీక్షించుకోవలెను. ఇతరులు ఇచ్చిన గుండెనొప్పి మాత్రను నాలుక కింద ఉంచుకోరాదు. ఈ వ్యాధిలో అది కొందరికి హాని చేస్తుంది. స్పృహ తప్పినా, నొప్పి తగ్గకున్నా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయవలెను.